“డిచ్‌పల్లి పోయిండు” (మన వాడ చరిత్ర – 9)



నా చిన్నప్పుడు మా బోధన్ దిక్కు వాడల్లో ఒక మాట ఉండేది: “ఆయన డిచ్‌పల్లి పోయిండు.” రోగం పేరు ఎవరూ చెప్పరు. అయినా అందరికీ తెలిసిపోతది.

1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ అక్కడ కుష్టు దవాఖాన తెరిచిండ్రు. రాజా నర్సాగౌడ్ విరాళమిచ్చిండు. ఊరు వెలేసినోళ్లకు అక్కడ మందు, నీడ దొరికినయి. ఆ మేలు మరువలేం. కానీ మా వాడల్లో ఆ ఊరి పేరే రోగం పేరైంది.

అప్పటికే బ్రిటిష్ ఇండియాల 1898 లెపర్స్ చట్టం ఉన్నది. బిచ్చమెత్తే, బతుకుతెరువు లేని కుష్టు రోగిని పోలీసు వారెంట్ లేకుండా పట్టుకోవచ్చు. రోగం ఒకటే, పట్టుకునేది మాత్రం పేదోన్ని. ఆస్తి ఉన్నోని రోగం ఇంట్లనే దాగింది. లేనోనిది బజార్ల పడ్డది. ఆ చట్టం 2016 దాకా రద్దు కాలేదు. కుష్టును చూపి విడాకులడిగే వీలు 2019ల పోయింది.

2017ల సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కన్నది. అదే ఏడు వచ్చిన హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమలైంది. చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి ఒప్పుకోకుండా ఆ సంగతి బయటపెట్టొద్దు.

మొన్న ఒక బీడీ కార్మికురాలికి తోడుగ దవాఖానకు పోయిన. కౌంటర్ల ఉన్నాయన ఆమె రోగం పేరు లైనంతా వినేటట్టు అరిచిండు. ఆమె మళ్లా మందులకు పోలేదు.

మనోళ్లను దవాఖానకు తోలుకపోయినప్పుడు గట్టిగ చెప్పండి: మనిషిని పేరుతోని పిలువండి, రోగంతోని కాదు.

జై భీమ్.