ఎనిమిది మడుల లెక్క



రావుగారంటే మన చిక్కబళ్ళాపురం వైపు అందరికీ సి.ఎన్.ఆర్. రావుగారే గుర్తొస్తారు. నేను చెప్పేది సి.ఆర్. రావుగారి సంగతి. 1920లో హూవిన హడగలిలో, తెలుగు ఇంట పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాష్ట్రపు బళ్ళారి జిల్లా, ఇప్పుడు మన కర్ణాటక. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు వచ్చేలా రాధాకృష్ణ అని పెట్టారు. వాల్తేరులో గణితం ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1947లో ఆయన ఒక లెక్క తేల్చారు. అది మన పొలం మాటల్లో చెబుతాను. చింతామణి రైతు ఒకాయన టమోటాలో విత్తనం, ఎరువు, నీళ్ళు, ఇలా ఏడు విషయాలు పరీక్షించాలనుకున్నాడు. ఒక్కోదానికి రెండు రకాలు. అన్ని కలయికలూ వేయాలంటే 128 మడులు కావాలి. అంత భూమి ఎవరికుంది? ఏ రెండు విషయాలు తీసుకున్నా వాటి నాలుగు జతలూ సమానంగా వస్తే చాలనుకుంటే, ఒకటీ ఏడూ కలిపి ఎనిమిది మడులు చాలు. అంతకు తగ్గితే కుదరదని రావుగారి లెక్క చెబుతుంది.

మూడేళ్ళ తర్వాత, 1950లో, అమెరికా బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్‌ది వేరే తలనొప్పి. యంత్రంలో 0 కాస్తా 1గా మారిపోతే, ఆ తప్పును యంత్రమే దిద్దుకోవాలి. ఏడు బిట్లతో 128 మాటలు వస్తాయి. ఒక్కో సంకేతం తనతోపాటు, ఒక్క బిట్ తప్పిన ఏడు రూపాలనూ తనకే ఉంచుకోవాలి. ఒకటీ ఏడూ, మళ్ళీ ఎనిమిదే! 128ని 8తో భాగిస్తే 16 సంకేతాలు, అంతకు మించవు.

ఒకరిది కనీసం ఎంత అన్న ప్రశ్న, ఇంకొకరిది గరిష్ఠం ఎంత అన్న ప్రశ్న. కూడిక మాత్రం ఒక్కటే. హామింగ్ కోడ్‌కు జోడీగా వచ్చే ఎనిమిది పదాల కోడ్‌ను కాగితం మీద వరసగా రాస్తే, అది ఆ ఎనిమిది మడుల పట్టికే. కలకత్తాలో అదే సంస్థలో పనిచేసి అమెరికా వెళ్ళిన ఆర్.సి. బోస్ 1961లో ఈ రెండు విద్యల చుట్టరికాన్ని విప్పి చెప్పారు. అయినా మన పిల్లలు ఇంజనీరింగ్‌లో హామింగ్ పేరే చదువుతారు. నాకిది అన్యాయంగానే తోస్తుంది.

బిట్లు పెరిగేకొద్దీ మంచి కోడ్ ఎక్కడుందో వెతకడం మనిషి తరం కాదు. 1975లో జాన్ హాలండ్ పుస్తకంతో జెనెటిక్ అల్గారిథమ్‌లు ప్రచారంలోకి వచ్చాయి. 1990లో డోంటాస్, డి జోంగ్ వాటితో కోడ్‌లు వెతికారు. శిడ్లఘట్ట వైపు పట్టుపురుగుల్లో మైసూరు జాతినీ బైవోల్టిన్‌నూ కలిపినట్టే ఇదీ. కొన్ని కోడ్‌లు తీసుకుని, ఒకదాని ముక్క ఇంకొకదానికి అతికించి, అక్కడక్కడ ఒక బిట్ మార్చి, సంకేతాల మధ్య దూరం బాగా ఉన్నవాటినే తర్వాతి తరానికి ఉంచుతారు. ఇంతకంటే మంచిది ఇంకా ఉందా అన్నది ఆ ప్రోగ్రాంకు తెలియదు. అది చెప్పేది పైన చూసిన కూడికే. ఆ హద్దు తాకితే వెతుకులాట ఆపేయవచ్చు. చాలాసార్లు హద్దు అందదు, అది వేరే సంగతి.

2023లో, 102 ఏళ్ళ వయసులో, రావుగారికి ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. అది 1945 నాటి ఇంకో పత్రానికి. అదే ఏడాది ఆగస్టు 22న అమెరికాలో కన్నుమూశారు.