పింగాణీ పళ్ళెముపై వన్నెలు: బంగారం లేని బంగారు మెరుపు

తూర్పు కనుమలలోని సీలేరు మొదలు సముద్రతీరం వరకు తెలుగునాట కుమ్మరి సంప్రదాయం ప్రధానంగా మెరుగుపూత లేని మట్టిపాత్రలదే. గాజువలె మెరిసే పింగాణీ ఈ నేలకు ఓడలపై వచ్చినది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున విదేశీ వర్తకులకు అభయశాసనమిచ్చాడు. నెల్లూరు ప్రాంతపు తీరాన కొత్తపట్నంలో 13, 14 శతాబ్దాల నాటి చైనా పింగాణీ పెంకులు లభించాయి. ఈ సరుకు వెనుక చైనాకు, ముస్లిం ప్రపంచానికి మధ్య సాగిన విద్యావినిమయం గలదు.

9వ శతాబ్దంలో చైనా తెల్లని పాత్రలు అబ్బాసీల ఇరాక్ చేరాయి. అక్కడి కుమ్మరులకు అటువంటి తెల్లమట్టి లేదు. అందుచేత వారు మెరుగుపూతలో తగరం కలిపి, పసుపుఛాయ గల మట్టిని తెల్లగా కప్పారు. ఆ తెలుపుపై కోబాల్టుతో నీలి చిత్రాలు వ్రాశారు. 14వ శతాబ్దంలో చైనాలోని జింగ్‌దెజెన్ పనివారు ఇరాన్ నుండి కోబాల్టు తెప్పించుకొని తమ ప్రసిద్ధ నీలి చిత్రాలు తీర్చారు. కనుక ‘చైనా నీలం’లో ముస్లిం దేశాల పాలు తక్కువ కాదు.

అలంకరణ విధానాలు ముఖ్యంగా మూడు. మొదటిది, పూతకు క్రింద వ్రాయడం. కోబాల్టు రంగుపై మెరుగుపూత వేసి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రంగు గాజుపొర క్రింద ఉండిపోతుంది గనుక అరగదు. రెండవది, కాల్చిన పాత్రపై రంగులు అద్ది తక్కువ వేడిలో మరల కాల్చడం. ఎక్కువ రంగులు కుదురుతాయి గాని, కాలక్రమాన అరుగుతాయి. 12, 13 శతాబ్దాల ఇరాన్ ‘మీనాయి’ పాత్రలలో ఈ విధానం కనిపిస్తుంది. మూడవది, లోహకాంతి పూత. వెండి, రాగి సమ్మేళనాలను పాత్రపై పూసి, గాలి చొరని పొగ కొలిమిలో కాలుస్తారు. పలుచని లోహపుపొర నిలిచి పాత్ర బంగారువలె మెరుస్తుంది. కాషాన్ కుమ్మరి వంశీయుడైన అబుల్ ఖాసిం 1301లో ఈ విద్యను గ్రంథస్థం చేశాడు.

బంగారు, వెండి పాత్రలలో తిని త్రాగరాదని దైవప్రవక్త (స) వారించినట్లు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. లోహకాంతి పూత ఈ నిషేధం వల్లనే పుట్టినదని కొందరు చరిత్రకారులు అంటారు. ఇది ఊహయే గాని నిరూపితం కాదు. పాలకుల ఇండ్లలో వెండి బంగారు పాత్రలు వాడిన దాఖలాలూ ఉన్నవి. అయినా మట్టి పాత్రకు అందం, గౌరవం చేకూర్చిన ఘనత ఈ కళాకారులదే.

నేడు అంచున బంగారు గీత గల పళ్ళెముల విషయమేమిటి? హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, పాత్ర నుండి వేరుచేయ వీలులేని పలుచని పూత వలన దోషం లేదు. విడదీయగల లోహపు పొదుగు విషయంలో ఇమాం అబూ హనీఫా (రహ్) పెదవి ఆ భాగానికి తగలకుండా త్రాగడాన్ని అనుమతించారు. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ (రహ్) దానిని ఇష్టపడలేదు. షాఫయీ ఫఖీహులు మరింత కఠినంగా ఉన్నారు.

ఈ కళ దక్కనులో భవనాల గోడలకూ ఎక్కినది. హైదరాబాదులోని బాద్‌షాహీ ఆషుర్‌ఖానా గోడలపై 17వ శతాబ్దారంభపు రంగు పలకలు నేటికీ చూడవచ్చు. 1908 మూసీ వరదలో కొన్ని దెబ్బతిన్నవి. సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ భద్రంగా ఉన్నది. మట్టిలో పుట్టిన మనిషి, మట్టి పాత్రనే సుందరంగా తీర్చుకొని తృప్తిపడగలడని ఈ చరిత్ర తెలుపుతుంది.