పాంటియాక్ ఊరూ, జీఎం దివాలా

మిషిగన్ రాష్ట్రంలో ఓక్‌లాండ్ కౌంటీకి ముఖ్యపట్టణం పాంటియాక్. డెట్రాయిట్ నుంచి ఉడ్‌వర్డ్ అవెన్యూ పట్టుకుని వాయవ్యంగా పోతే ఈ ఊరు వస్తుంది. గుర్రపు బగ్గీల తయారీకి పేరుపడ్డ ఈ చోట 1907లో ఓక్‌లాండ్ మోటార్ కార్ కంపెనీ పుట్టింది. రెండేళ్ళకల్లా అది జనరల్ మోటార్స్ (జీఎం) చేతిలోకి వెళ్ళింది. 1926లో ఆ సంస్థ తెచ్చిన కొత్త కారుకు ఊరి పేరే పెట్టారు. 1970లో ఊరి జనాభా 85,279, 2010కి 59,515. ఈ తరుగుదలంతా దివాలా మూలంగా వచ్చింది కాదు. ఫ్యాక్టరీలు 1980ల నుంచే ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి. 2009లో తగిలింది చివరి దెబ్బ.

ఆ ఏడాది జూన్ 1న జీఎం న్యూయార్క్ దివాలా కోర్టుకెక్కింది. చూపించిన ఆస్తి సుమారు 8,200 కోట్ల డాలర్లు, అప్పు 17,200 కోట్లకు పైన. ఐపీ పెట్టినవాడు దుకాణం కట్టేస్తాడన్నది తెలుగునాట అనుభవం. అమెరికా చట్టంలోని చాప్టర్ 11 తీరు వేరు. వసూళ్ళకు కోర్టు అడ్డం పడుతుంది, వ్యాపారం మాత్రం నడుస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో ఏర్పడిన కొత్త కంపెనీ పనికొచ్చే ఆస్తులన్నీ కొనుక్కుంది. అక్కర్లేని స్థలాలు, పాత అప్పులు, నేలలోకి ఇంకిన కాలుష్యం పాత కంపెనీకే మిగిలాయి. జూలై 10న, అంటే 40 రోజులు తిరక్కుండానే, కొత్త జీఎం కోర్టు నుంచి బయటపడింది. దేశం మొత్తం మీద లక్షల ఉద్యోగాలు దీనివల్ల నిలిచాయన్నది కాదనలేని మాట. అయితే కొత్తకూ పాతకూ మధ్య గీసిన గీత పాంటియాక్‌ను రెండుగా చీల్చింది. ఇంజిన్ల ఇంజనీరింగ్ కేంద్రం నిలిచింది. పికప్ ట్రక్కుల ఫ్యాక్టరీ ఆ ఏడాదే మూతపడింది. పాంటియాక్ కారు తయారీ ఆగిపోయింది.

కార్మికులందరికీ నష్టం ఒకేలా జరగలేదు. కార్మిక సంఘంలో సీనియారిటీ ఉన్నవారికి వేరే ఊరి ఫ్యాక్టరీకి బదిలీ అయ్యే హక్కు ఉండేది, కానీ ఇల్లు అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. పక్కనే ఉన్న ఓరియన్ ఫ్యాక్టరీని చిన్న కార్ల కోసం తిరిగి తెరిచారు. అందుకు సంఘం ఒప్పుకున్న షరతు కఠినమైనది: దాదాపు 40 శాతం మందికి తక్కువ శ్రేణి జీతం. విశ్రాంత కార్మికుల వైద్య నిధికి జీఎం బాకీపడ్డ సొమ్ములో పెద్ద భాగం కొత్త కంపెనీ వాటాల రూపంలో ముట్టింది. అన్నిటికన్నా అన్యాయం పక్కనున్న ట్రాయ్ పట్టణంలో ప్రధాన కార్యాలయం ఉన్న డెల్ఫై ఉద్యోగుల విషయంలో జరిగింది. జీఎం నుంచి 1999లో విడిపోయిన ఆ విడిభాగాల సంస్థ 2005లోనే దివాలా తీసింది. 2009లో దాని పించన్లు ప్రభుత్వ బీమా సంస్థకు చేరాయి. కోత పడ్డ మేరకు ప్రధాన సంఘం కార్మికులకు జీఎం భర్తీ చేసింది. ఆఫీసు ఉద్యోగులకు చేయలేదు. ఒకే కప్పు కింద పనిచేసినవారి ముసలితనం రెండు రకాలుగా తేలింది.

ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్, నోవై పరిసరాల్లో కాంట్రాక్టు ఇంజనీర్లుగా ఉన్న తెలుగువాళ్ళకు ఇంకో చిక్కు. హెచ్1బీ వీసా మీదున్నవారికి ఉద్యోగం పోయాక 60 రోజుల గడువిచ్చే నిబంధన 2017లో గానీ రాలేదు. 2009లో ఉద్యోగంతో పాటే దేశంలో ఉండే హక్కూ పోయేది.

సరఫరాదారుల కష్టం దివాలాకు ముందే మొదలైంది. సీట్లు చేసే ఫ్యాక్టరీ, అసెంబ్లీ లైను మీదికి ఏ కారు వస్తుందో చూసుకుని కొన్ని గంటల ముందు ఆ సీటు పంపుతుంది. గోదాములో నిల్వ ఉండదు. లైను ఆగితే ఆ షిఫ్టులోనే అక్కడా పని ఆగుతుంది. 2009 వేసవిలో జీఎం 13 ఫ్యాక్టరీలను వారాల తరబడి ఆపింది. పంపిన సరుకుకు డబ్బు చేతికి రావడానికి మామూలు రోజుల్లోనే నెలన్నర పట్టేది. దివాలాకు ముందు 20 రోజుల్లో చేరిన సరుకు బిల్లులకు చట్టంలో ముందువరస ఉంది, తప్పనిసరి సరఫరాదారులకు చెల్లించడానికి కోర్టు కూడా ఒప్పుకుంది. ఆర్డర్లే లేకపోతే ఈ రక్షణలు ఎన్నాళ్ళు ఆదుకుంటాయి? పెద్ద సరఫరాదారులైన విస్టియాన్ మే నెలలో, లియర్ జూలైలో దివాలా పిటిషన్లు వేశాయి. సరఫరాదారుల కోసం ప్రభుత్వం ప్రకటించిన 500 కోట్ల డాలర్లు జీఎం, మరో కార్ల కంపెనీ క్రైస్లర్‌ల ద్వారానే అందేవి. కాబట్టి ముందు అందింది నేరుగా వాళ్ళకు సరుకు పంపే పెద్దలకే.

కింది మెట్టున ఉన్నవి అచ్చులు చేసే చిన్న షెడ్లు. ఒక రేకు భాగాన్ని నొక్కే డై తయారుకావడానికి నెలలు పడుతుంది. ఆ డైతో వచ్చిన భాగాన్ని కార్ల కంపెనీ పరీక్షించి ఆమోదించాకే చాలాసార్లు డబ్బు. ఈలోగా ఉక్కు ఖర్చు, పనివాళ్ళ జీతాలు షెడ్డు యజమాని బ్యాంకు అప్పుతో భరించాలి. బాకీ తీరేదాకా డై మీద హక్కు మిషిగన్ చట్టం ఇస్తుంది. అందుకు తయారీదారు తన పేరు, చిరునామా డై మీద చెరగకుండా చెక్కి ఉండాలి. చెక్కించని వాళ్ళు మామూలు అప్పులవాళ్ళ వరసలో చివర నిలబడ్డారు.

ఊరి ఖజానా మరీ దీనం. ఫ్యాక్టరీల ఆస్తిపన్ను పడిపోవడంతో 2009 నుంచి రాష్ట్రం నియమించిన అధికారి పెత్తనం నడిచింది. 5.5 కోట్ల డాలర్లకు పైగా పెట్టి 1975లో కట్టిన సిల్వర్‌డోమ్ స్టేడియాన్ని 2009లో 5,83,000 డాలర్లకు వేలం వేశారు. 2011లో ఊరి పోలీసు శాఖనే రద్దుచేసి, గస్తీని కౌంటీ షెరిఫ్‌కు అప్పగించారు.

మూతపడ్డ జీఎం ఫ్యాక్టరీల స్థలాలను శుభ్రం చేసి అమ్మే పని 2011లో రేసర్ అనే ట్రస్టుకు వచ్చింది. ఊళ్ళోని వేరొక పాత ట్రక్కు ఫ్యాక్టరీ ఉన్న 87 ఎకరాల్లో ఇప్పుడు ఎం1 కాంకోర్స్ అనే రేస్ ట్రాక్, కార్ల మోజున్నవారి సొంత గ్యారేజీలు ఉన్నాయి. సిల్వర్‌డోమ్‌ను 2017లో కూల్చారు. ఆ స్థలంలో అమెజాన్ గోదాము వచ్చింది.