ఊరు నిలబెట్టిన ఆడవాళ్ళు

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్ నగరానికి ఒక పాత పేట ఉంది. రాతి కట్టడాలు, రాళ్ళు పరిచిన వీధులు. అక్కడి ప్లాస్ దార్మ్ కూడలిలో 1895 నాటి స్మారకం మీద జెండా పట్టుకుని మేసన్నెవ్ నిలబడి ఉంటాడు. 1642లో ఈ ఊరికి పునాది వేసిన నాయకుడాయన. కింద పీఠం మూలన ఒకావిడ కూర్చుని పిల్లవాడి వేలికి కట్టు కడుతుంటుంది. ఆవిడ పేరు జాన్ మాన్స్.

ఆయనతోపాటే వచ్చి ఊళ్ళో ఆసుపత్రి పెట్టిందావిడ. 1651 నాటికి ఇరొక్వా ప్రజలతో పోరు ముదిరి, ఊరే ఖాళీ చేయాల్సిన పరిస్థితి వచ్చింది. అప్పుడు ఆసుపత్రికని ఉంచిన 22,000 లీవ్రులు తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆ డబ్బుతో 1653లో సుమారు వందమంది ఫ్రాన్సు నుంచి వచ్చారు, ఊరు నిలిచింది. గుమ్మం మీద పేరు ఆయనది, ఇల్లు కట్టడానికి తీసిచ్చిన గాజులు ఆవిడవి. మనకు తెలియని కథేం కాదు కదా!

ఆ ఓడలోనే మార్గరిట్ బుర్జ్వా వచ్చింది. 1658లో ఒక పశువుల కొట్టంలో తొలి బడి తెరిచింది. నది ఒడ్డున ఆవిడ పూనుకుని కట్టించిన బోన్ సెకూర్ ప్రార్థనా మందిరం 1754లో కాలిపోయింది. ఇప్పుడున్నది ఆ పునాదుల మీదే 1771లో మొదలుపెట్టి కట్టింది. లోపల ఓడల ఆకారంలో దీపాలు వేలాడుతుంటాయి, క్షేమంగా తిరిగొచ్చిన నావికుల మొక్కులవి. 2005లో ఆవిడ అస్థికల్ని కూడా అక్కడికే తెచ్చారు.

కొంచెం నడిస్తే ప్లాస్ ద్యూవిల్. ఈ పేరు వితంతువు మార్గరిట్ ద్యూవిల్‌ది. భర్త దొంగచాటుగా సారా అమ్మినవాడు. ఆయన పోయాక బీదల సేవకు దిగిన ఆవిడను, తోటి ఆడవాళ్ళను జనం 'గ్రీజ్' అని వెక్కిరించారు. ఫ్రెంచిలో ఆ మాటకు బూడిదరంగువాళ్ళనీ, తాగినవాళ్ళనీ రెండర్థాలు. వాళ్ళు ఆ బూడిదరంగునే తమ దుస్తులకు ఎంచుకున్నారు. 1747లో అప్పుల్లో కూరుకున్న ఆసుపత్రిని చేతుల్లోకి తీసుకున్నారు. 1765లో అది కాలిపోతే మళ్ళీ కట్టారు. ఆ గోడలు కొన్ని ఇంకా ఉన్నాయి.

జాన్ మాన్స్ కూడా ఊరి వ్యవస్థాపకురాలేనని నగరం అధికారికంగా ఒప్పుకున్నది 2012లో, అంటే 370 ఏళ్ళకి. మీలో ఎవరైనా పిల్లల్ని చూడటానికి అటువైపు వెళ్తే, ఆ స్మారకం ముందు తలెత్తి చూసి వచ్చేయకండి. పీఠం మూలకూ ఒకసారి వెళ్ళి చూడండి.