ప్రొబేషన్, నివాస నియమం

నేరం రుజువైన వ్యక్తిని జైలుకు పంపకుండా, సత్ప్రవర్తన బాండు రాయించుకుని విడిచిపెట్టే పద్ధతి ప్రొబేషన్. కోస్తాంధ్రకు ఇది 1936 నాటి మద్రాసు చట్టంతో వచ్చింది. ఆపై 1958లో కేంద్రం నేరస్తుల ప్రొబేషన్ చట్టం చేసింది. నేరస్తుణ్ణి బాగుచేయడమే దాని ధ్యేయమంటూ అప్పీలు కోర్టులు సైతం ఈ వెసులుబాటు ఇవ్వొచ్చని 1964లో రతన్‌లాల్ కేసులో తేల్చిన సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసింది మన కోకా సుబ్బారావే.

మరణశిక్షో యావజ్జీవమో పడే నేరాలు 1958 చట్టం 4వ సెక్షన్ కిందికి రావు. బాండు గడువు మూడేళ్లు దాటదు. అసలు చిక్కు ఆ సెక్షన్‌కే తగిలించిన షరతులో ఉంది: నేరస్తుడికో, జామీనుదారుకో స్థిర నివాసం గానీ నిలకడైన పని గానీ ఉందని కోర్టుకు నమ్మకం కుదరాలి.

చిలకలూరిపేట చుట్టుపక్కల ఈ షరతు ఎవరికి అడ్డుపడుతుందో ఊహించడం కష్టం కాదు. పత్తితీతలకూ మిరపకోతలకూ కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు, పల్నాడు పల్లెలకు సుగ్గికి, అంటే వలస కూలికి, వచ్చే కుటుంబాలు గుడారాల్లో ఉంటాయి. కోతలయ్యాక అక్కడ చిరునామా మిగలదు, జామీను నిలబడేంత పరిచయస్తులూ దొరకరు.

ఇల్లు ఉండాలన్న పట్టుదల ఒకప్పుడు ఈ ప్రాంతంలోనే విపరీతానికి పోయింది. నేరస్త తెగల చట్టాన్ని 1911లో మద్రాసుకు విస్తరించాక, ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంట్‌లో ఉంచి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ ఇంటితో పాటు కాపలా కూడా వచ్చింది. దేశవ్యాప్తంగా ఆ చట్టం 1952లో రద్దయింది.

మత్తు, మనోవ్యాధుల సంగతి మరోలా ఉంది. నేరం పునరావృతం కాకుండా ఎక్కడ ఉండాలో చెప్పి, మద్యం మానాలని కూడా కోర్టు బాండులో రాయించవచ్చు. మానించే వైద్యం ఎవరు చేయించాలో మాత్రం ప్రొబేషన్ చట్టం చెప్పదు. ప్రొబేషన్ అధికారి తన పర్యవేక్షణలోని వారికి ఉద్యోగం వెతికిపెట్టేందుకు ప్రయత్నించాలని 14వ సెక్షన్ చెబుతుంది, ఇంటి ఊసు ఎత్తదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మాత్రం నిలువనీడ లేనివారికి చికిత్స ఉచితమని పేరుపెట్టి చెప్పింది. అయితే చిలకలూరిపేట నుంచి ఆ చికిత్సకు గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లిరావడమంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవడమే.

బాండు షరతు తప్పితే ప్రొబేషన్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం సమన్లో వారంటో వస్తుంది. మొదటిసారైతే 50 రూపాయల వరకూ జరిమానాతో సరిపెట్టి బాండు కొనసాగించవచ్చు, లేదా పాత నేరానికి శిక్ష వేయవచ్చు. గుడారం ఎత్తేసిన మనిషికి సమన్లు అందవు గనుక, అతను కొత్త నేరమేదీ చేయకున్నా వారంటు పుడుతుంది.