బాంటింగ్ గారి ఉచిత పథ్యం



గత మాసం మా వైద్యులు "మాస్టారూ, పది కిలోలు తగ్గవలసిందే" అన్నారు. పథ్యం వివరాలకై అంతర్జాలంలో వెదికితే, ఉచితమని పిలిచిన ఒకచోట నా వయసూ ఎత్తూ బరువూ అన్నీ అడిగి, తీరా ఫలితం చెప్పే వేళకు రుసుము కట్టమన్నారు. ఆ విసుగులో, నిజంగా ఉచితంగా పథ్యం చెప్పినవారు చరిత్రలో ఉన్నారా అని వెదకగా విలియం బాంటింగ్ కనిపించాడు.

ఈయన లండన్ నగరవాసి. అంత్యక్రియల ఏర్పాట్లు చూడడం వారి కుటుంబ వ్యాపారం. 1852లో వెల్లింగ్టన్ ప్రభువు అంతిమయాత్ర ఏర్పాట్లూ వారివే. 1862 ఆగస్టులో ఆయనకు 66వ ఏడు నడుస్తున్నది. నాకూ ఇప్పుడు అదే ఏడు! ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, బరువు 202 పౌనులు, అంటే దాదాపు 92 కిలోలు. వంగి జోళ్ల ముడి వేసుకోలేడు. మోకాళ్ల బాధకు భయపడి మెట్లు వెనుకకు తిరిగి దిగేవాడు. పడవ నడిపితే ఆకలి పెరిగింది. ఆవిరిస్నానాల వలన, ఊరూరి ఔషధజలాల వలన ఖర్చే మిగిలింది.

చివరకు చెవులు సరిగా వినబడక విలియం హార్వే అనే చెవి వైద్యుని వద్దకు వెళ్లాడు. హార్వే పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్ ఉపన్యాసాలు విన్నవాడు. రొట్టె, వెన్న, పాలు, చక్కెర, బీరు, బంగాళాదుంప మానమన్నాడు. మరుసటి సెప్టెంబరు నాటికి బరువు 156 పౌనులకు దిగింది.

మనకు ముఖ్యమైనది ఆ తరువాతి కథ. తన అనుభవాన్ని 'లాన్సెట్' వైద్యపత్రికకు పంపాలనుకున్నాడు. అనామకుని ఉత్తరాన్ని వారు పట్టించుకుంటారా అని సందేహించి, 1863లో స్థూలకాయంపై ప్రజలకొక లేఖ వ్రాసి, సొంత ఖర్చుతో అచ్చువేసి ఉచితంగా పంచాడు. సంపాదకుల దయకై వేచియుండక తానే ప్రకటించుకున్నాడు కనుక మన కోవవాడే! తొలి రెండు ముద్రణలూ ఉచితమే. తరువాత వెల పెట్టినా, లాభం ధర్మకార్యాలకు ఇచ్చాడు. ఆయన పేరు ఆంగ్లంలో క్రియాపదమైంది. స్వీడిష్ భాషలో పథ్యం చేయడాన్ని నేటికీ 'బంటా' అంటారు.

అయితే ఆయన భోజనం మాంసమూ మద్యమూ కలిసినది. మన విస్తరికి పొసగదు. పథం నుండి తొలగనిది పథ్యమని వ్యుత్పత్తి. ఎవరి పథం వారిది. అన్నం తినే మనకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మెక్కారిసన్ ప్రారంభించిన పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, పిదప ఈ పేరు పొందింది. 2024లో వారు సవరించి వెలువరించిన ఆహార మార్గదర్శకాలు అంతర్జాలంలో ఉచితం. వారానికి అరకిలో తగ్గడం క్షేమమని అందులోని మాట. పది కిలోలకు ఇరవై వారాలు! వారంలో పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనల నడుమ ఈ మాట నాకు ఊరటనిచ్చింది.

బాంటింగ్ నుండి నేను గ్రహించినది ఆయన భోజనం కాదు, పద్ధతి. తేదీల వారీగా తన బరువు వ్రాసి లోకం ముందు పెట్టాడు, ప్రతిఫలం కోరలేదు. ఉచితమన్న ప్రతి సలహాకూ ఇదే గీటురాయి: చెప్పేవాడు మన నుండి ఏమి ఆశిస్తున్నాడు?

నేనూ ఒక నోటుపుస్తకం తెరిచాను. మొదటి వారం తగ్గినది పావుకిలో. వైద్యులకు చూపితే నవ్వి, కొనసాగించమన్నారు. మీ అనుభవాలు కూడా తెలుపగలరు.

స్వస్తి.