డీకేటీ భూమిని ప్రాజెక్టుకు అడిగితే రైతు ముందుగా చూసుకోవాల్సినవి

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట మండలాల్లో పేద రైతులు చాలామంది సాగు చేసుకుంటున్నది డీకేటీ పట్టా భూమే. రాళ్లు ఏరి, కట్టలు వేసి, శనక్కాయకు తెచ్చుకున్న నేల అది. సోలార్ ప్లాంటుకో, గాలిమరలకో, పరిశ్రమకో భూమి కావాల్సి వస్తే చూపు ముందుగా ఇలాంటి చేలమీదే పడుతుంది. ఆ కబురు చాలాసార్లు అధికారి నుంచి కాక ఊరి నాయకుడి నుంచి వస్తుంది. "అది గవర్నమెంటు భూమే గదా, ఎట్లైనా తీసుకుంటారు, ఇచ్చింది తీసుకొని సంతకం పెట్టు" అంటారు. ఈ మాటలో సగమే నిజం. ప్రజా అవసరానికి భూమి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఉంది. పరిహారం లేకుండా తీసుకోవడం మాత్రం కుదరదు.

ఇద్దరి మధ్య పెద్దమనిషి నిలబడటం మన సీమకు కొత్త కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్లను అణచి, రైతు పేరునే పట్టా రాసి శిస్తు నేరుగా కట్టించుకునే పద్ధతి నడిపాడు. పాళెగాడు పోయినా లెక్కల పుస్తకం కరణం ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పదవి 1984లో రద్దయింది. మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. అయినా డీకేటీ పట్టాలు ప్రజాప్రతినిధులు కూర్చునే అసైన్‌మెంట్ కమిటీ ద్వారా వచ్చినవి కావడంతో, ఇప్పించినవాడే అడిగితే కాదనలేని మొహమాటం ఊళ్లలో ఇంకా ఉంది. చట్టంలో ఆ మొహమాటానికి చోటు లేదు. పట్టా ఇచ్చింది ప్రభుత్వం, తీసుకుంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాల్సిందీ ప్రభుత్వమే.

మీ పట్టా తేదీ చూడండి

ఆంధ్ర ప్రాంతంలో అమ్మకూడదనే షరతు 1954 జూన్ 18 నాటి 1142 నంబరు జీఓతో వచ్చింది. అంతకు ముందు ఇచ్చిన పట్టాలకు సాధారణంగా ఆ షరతు ఉండదు. తాత పేరున పాత పట్టా ఉంటే పారేయకండి. తర్వాతి పట్టాలకు 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం అమ్మకమే కాదు, దానం, లీజు కూడా బదలాయింపే. కంపెనీ మనిషి స్టాంపు పేపరు మీద లీజు రాయించుకుంటానంటే ముందు తహశీల్దారును రాతపూర్వకంగా అడగండి. షరతు తప్పినట్టు తేలితే భూమి వెనక్కి పోవచ్చు, పరిహారానికీ అడ్డు పడుతుంది.

పరిహారం సంగతి

ప్రభుత్వం ఎప్పుడైనా పరిహారం లేకుండా తీసుకోవచ్చని కొన్ని పట్టాల వెనుక అచ్చు వేసి ఉంటుంది. దాన్ని చూపించి భయపెడతారు. చేవెళ్ల భూసేకరణ అధికారి కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే దీన్ని తేల్చింది. షరతులు తప్పని అసైన్డ్ రైతుకు సొంత పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలన్నది ఆ తీర్పు. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర భూసేకరణ చట్టం కూడా ప్రభుత్వం భూమి ఇచ్చిన కుటుంబాన్ని నష్టపోయే కుటుంబంగానే లెక్కిస్తుంది. ఆ భూమి మీద ఆధారపడి మూడేళ్లుగా బతుకుతున్న కౌలుదారు, కూలీ కుటుంబాలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

ఆ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు గడువు. కలెక్టరుకు రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. డబ్బు చాలదనిపిస్తే తీసుకునేటప్పుడు రసీదు మీద "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయండి. ఆ ముక్క రాయకుండా తీసుకున్నవారికి ఎక్కువ పరిహారం కోసం అథారిటీకి పంపమని అడిగే హక్కు పోతుంది. అవార్డు ఇచ్చినప్పుడు మీరు అక్కడే ఉంటే ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే. ఇష్టపూర్వక ఒప్పందం పేరుతో అంగీకార పత్రం పెడితే చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి, ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

చీనీ చెట్లు, బోరు, పైపులైను, నిలబడి ఉన్న పంట, అన్నింటికీ విడిగా విలువ కట్టాలి. ఇక్కడే మా శాఖతో పని పడుతుంది. ఈ-పంటలో ఏటా నమోదు చేయించుకున్నవారికి చెట్ల వయసు, సంఖ్య చూపించడం సులువు. నమోదు లేని తోటకు ఫొటోలు, మొక్కలు కొన్న బిల్లులు వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇరవై ఏళ్ల హక్కు

2023లో చేసిన సవరణతో, పట్టా ఇచ్చి 20 ఏళ్లు నిండిన అసైన్డ్ భూములపై అసలు లబ్ధిదారుకు, వారసులకు పూర్తి హక్కు ఇచ్చారు. అక్రమాలు జరిగాయని 2024 ఆగస్టులో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపారు, తర్వాత ఆ గడువు పొడిగించారు. కాబట్టి "ఫ్రీహోల్డ్ అయిపోయింది" అనే మాట నమ్మి కొనవద్దు, బయానా తీసుకోవద్దు. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో ఆ రోజుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగండి. ప్రభుత్వం మారితే పాసుపుస్తకం అట్ట మీద బొమ్మ మారడం చూశాం. తహశీల్దారు ఆఫీసులోని అసైన్‌మెంట్ రిజిస్టరు, ఆర్ఎస్ఆర్ నకళ్లు మీ దగ్గర ఉంటే ఈ మార్పులకు కంగారు పడనక్కర్లేదు.

నకళ్లు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. జవాబుకు 30 రోజులు. పట్టా నంబరు తెలియకపోతే సర్వే నంబరు రాసినా చాలు.

పట్టా లేకుండా దున్నుకుంటున్నవారి పరిస్థితి కష్టం. ఎన్.పి.కుంట సోలార్ పార్కుకు భూములు తీసుకున్నప్పుడు కాగితం ఉన్నవారికి, లేనివారికి దక్కింది ఒకటి కాదు. అలాంటివారు అడంగల్‌లో అనుభవదారుగా పేరు ఉందేమో ఈ సీజనులోనే చూసుకోండి. శివాయిజమా రసీదులు, పంట నమోదు రసీదులు, కరెంటు బిల్లులు ఒకచోట దాచండి. అసైన్‌మెంట్‌కు అర్జీ ఇంకా పెట్టనివారు పెట్టండి. సొంత భూమి రెండున్నర ఎకరాల తరి లేదా ఐదు ఎకరాల మెట్టకు మించనివారు భూమిలేని పేదల కిందికే వస్తారు.